‘నా అంతట నేనే వెళ్లాను’: జేన్ జాన్సన్ కేసు, ఫిలడెల్ఫియా, 1855

వెట్టిచాకిరీ విడుదల కేసుల్లో కార్మికుల తరఫున వాదించడం నా వృత్తి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే జూనియర్ వకీళ్లకు, పారాలీగల్ వాలంటీర్లకు మన చట్టాల కంటే ముందు నేను ఒక అమెరికా కేసు చెబుతాను. అక్కడ బానిసల్ని దక్షిణ రాష్ట్రాల నుంచి ఉత్తరాదికి, కెనడాకి రహస్యంగా దాటించిన ఏర్పాటును ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’ అంటారని చాలామందికి తెలుసు. సొరంగాలు, అర్ధరాత్రి లాంతర్లు, బొంతల మీద రహస్య గుర్తులు అంటూ దాని చుట్టూ కథలు బోలెడు అల్లుకున్నాయి. బొంతల సంకేతాలకు ఆనాటి ఆధారం ఒక్కటీ దొరకలేదు. నేను చెప్పే కేసు మాత్రం ఎండ ఉండగానే, వందల మంది తిరిగే రేవులో, యజమాని కళ్లెదుటే జరిగింది. నాలుగైదు కోర్టు ప్రొసీడింగ్స్ నడిచాయి కాబట్టి ఎవరు ఏ మాట అన్నారో దాకా రికార్డు మిగిలింది.

ఈ కేసులో మొదటి నుంచి చివరి దాకా తేల్చాల్సిన విషయం ఒక్కటే. జేన్ జాన్సన్ అనే బానిస స్త్రీ తనంతట తాను యజమానిని విడిచి వెళ్లిందా, లేక ఎవరైనా ఎత్తుకుపోయారా? ప్రతివాదులు మారారు, జడ్జీలు మారారు, సెక్షన్లు మారాయి. ప్రశ్న మాత్రం అదే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి మాట చెల్లుతుందా లేదా అన్నదే అసలు పోరాటం.

చట్టం ఎవరి వైపు?

పెన్సిల్వేనియా 1780లోనే బానిసత్వాన్ని అంచెలంచెలుగా తీసేసే చట్టం చేసింది. అందులో ఒక మినహాయింపు పెట్టారు. బయటి రాష్ట్రపు యజమాని తన బానిసల్ని వెంటబెట్టుకుని వస్తే ఆరు నెలల దాకా వాళ్ల మీద అతని హక్కు పోదు. ఫిలడెల్ఫియా దేశ రాజధానిగా ఉన్న రోజుల్లో ప్రెసిడెంట్ వాషింగ్టన్ ఆ గడువు నిండకముందే తన ఇంటి బానిసల్ని రాష్ట్రం దాటించి మళ్లీ తెప్పించుకునేవారు. 1847లో రాష్ట్ర శాసనసభ ఆ మినహాయింపును ఎత్తేసింది. అప్పటి నుంచి యజమాని తానుగా తీసుకొచ్చిన బానిస ఆ రాష్ట్రంలో అడుగుపెడితే చాలు, స్వతంత్రుడే.

దీనికి ఎదురుగా 1850 నాటి ఫెడరల్ చట్టం ఉంది. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పారిపోయిన బానిసల్ని పట్టి అప్పగించే చట్టం అది. దాని కింద జ్యూరీ విచారణ లేదు. పట్టుబడ్డ మనిషి తన గురించి తాను సాక్ష్యం చెప్పుకోవడానికి వీల్లేదు. కేసు విన్న కమిషనర్ ఆ మనిషిని యజమానికి అప్పగిస్తే 10 డాలర్ల ఫీజు, వదిలేస్తే 5 డాలర్లు. పారిపోయిన వాళ్లకు సాయం చేస్తే 1,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు.

వకీలుగా నా కళ్లు ముందు పోయేది ఈ రెండు చట్టాల మధ్య గీత మీదికే. ‘పారిపోయి వచ్చిన’ మనిషికి ఫెడరల్ చట్టం. ‘యజమాని తెచ్చిన’ మనిషికి రాష్ట్ర చట్టం. జేన్ జాన్సన్ ఈ రెండో కోవకు చెందుతుంది. ఆమెను ఆదుకున్నవాళ్లకు ఆ తేడా బాగా తెలుసు. ఆ సాయంత్రం వాళ్ల నోట వచ్చిన ప్రతి మాటా ఆ గీతకు ఇవతలే ఉంది.

జేన్

జాన్ హిల్ వీలర్ నార్త్ కరోలినా మనిషి. అప్పటికి నికరాగువాలో అమెరికా రాయబారి. రెండేళ్ల కిందట రిచ్‌మండ్‌లో జేన్‌నూ పిల్లల్నీ కొన్నాడు. 1855 జూలైలో ఆమెనూ, ఆమె కొడుకులు డేనియల్, ఇసాయాలనూ వెంటబెట్టుకుని వాషింగ్టన్ నుంచి న్యూయార్క్‌కు బయల్దేరాడు. అక్కడ నికరాగువా ఓడ ఎక్కాలి.

దారిలో ఫిలడెల్ఫియా. చట్టం సంగతి అతనికి తెలుసు కాబట్టి జేన్‌కు ముందే గట్టిగా చెప్పాడు: నల్లవాళ్లతో మాట్లాడొద్దు, ఎవరైనా అడిగితే నికరాగువా వెళ్లే మినిస్టరు గారితో ప్రయాణం చేస్తున్నానని చెప్పు. అక్కడ పెళ్లాం పుట్టింటికి వెళ్లి (మామగారు పేరున్న చిత్రకారుడు థామస్ సల్లీ) మధ్యాహ్నం రెండింటి బోటు అందుకోలేకపోయాడు. తర్వాతి బోటు సాయంత్రం ఐదింటికి. ఈలోపు రేవు పక్కనే ఉన్న బ్లడ్‌గుడ్స్ హోటల్లో దిగారు. భోజనానికి వెళ్లినప్పుడు కూడా మధ్యలో లేచి వచ్చి ఆమె ఉందో లేదో చూసిపోయాడట.

ఆ కాస్త సందులోనే ఆమె పని చక్కబెట్టుకుంది. హోటల్లో పనిచేసే ఒక నల్లజాతి ఆడమనిషికి, తర్వాత ఒక మగమనిషికి తాను బానిసననీ, తనకు స్వేచ్ఛ కావాలనీ చెప్పేసింది. ఆ ఇద్దరి పేర్లు రికార్డులో లేవు.

ఇంకో వివరం ఆమె తర్వాత కోర్టులో బయటపెట్టింది. వాషింగ్టన్‌లో బయల్దేరక ముందే ఒక జత బట్టలు కుట్టుకుందట. యజమాని ఇంట్లో ఎవరూ ఆమె ఒంటి మీద ఎప్పుడూ చూడని బట్టలు. న్యూయార్క్‌లో దిగాక అవి వేసుకుని గుర్తుపట్టకుండా జారుకోవాలని ఆలోచన. ఆ బట్టలు తన పెట్టెలోనే ఉండిపోయాయి, పెట్టె వీలర్ దగ్గరే ఉంది అని చెప్పింది.

శిక్షణలో నేను ఎక్కువసేపు ఆగేది ఈ బట్టల దగ్గరే. తర్వాత తనకు సాయపడ్డ విలియం స్టిల్ అనే మనిషి ఒకడున్నాడని తెలియకముందే, ఫిలడెల్ఫియాలో ఆగుతామని తెలియకముందే ఆమె తీర్మానం అయిపోయింది. సూదీదారంతో సహా. సాయం చేసేవాళ్లు కేసులోకి వచ్చింది ఆ తర్వాతే.

చీటీ

జూలై 18, బుధవారం, సాయంత్రం నాలుగున్నర. నార్త్ ఫిఫ్త్ స్ట్రీట్‌లోని బానిసత్వ వ్యతిరేక సంఘం ఆఫీసులో గుమాస్తా విలియం స్టిల్‌కు, తాను అంతకుముందెన్నడూ చూడని ఒక నల్లజాతి కుర్రాడు చీటీ తెచ్చి ఇచ్చాడు. తేదీ లేదు, సంతకం ఉన్నా పేరు పోల్చుకోలేనట్టుగా ఉంది. వీలైనంత త్వరగా బ్లడ్‌గుడ్స్ హోటల్‌కు రండి, పారిపోయిన బానిసలు ముగ్గురున్నారు, వాళ్లకు స్వేచ్ఛ కావాలి, యజమాని కూడా ఇక్కడే ఉన్నాడు, న్యూయార్క్ వెళ్తున్నాడు అన్నది సారాంశం.

స్టిల్ గురించి కొంచెం చెప్పాలి. 1821లో న్యూజెర్సీలో పుట్టారు, పద్దెనిమిది మంది సంతానంలో ఆఖరివారు. 1847లో ఆ ఆఫీసులో చేరారు. 1852 చివర్లో ఫిలడెల్ఫియా విజిలెన్స్ కమిటీని మళ్లీ కట్టినప్పుడు పని చూసే ఉపసంఘానికి ఆయనే అధ్యక్షుడు. బాల్టిమోర్, విల్మింగ్టన్ల మీదుగా వచ్చేవాళ్లకు తిండి, పడక, బండి, టికెట్టు, తర్వాతి ఊళ్లో దిగాల్సిన చోటు, అన్నీ ఈ కమిటీ చూసేది. వచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి అసలు పేరు, కొత్త పేరు, యజమాని పేరు, వెనక ఉండిపోయిన వాళ్ల పేర్లు అడిగి రాసుకునేవారు.

చీటీ చూడగానే స్టిల్ హోటల్‌కు పరిగెత్తలేదు. ముందు పాస్మోర్ విలియమ్సన్ దగ్గరికి వెళ్లారు. విలియమ్సన్ తెల్లజాతి మనిషి, ఆస్తి దస్తావేజుల పని చేసేవారు, బానిసత్వ రద్దు కోసం పనిచేసే మరో పాత సంఘంలో కార్యదర్శి. ఆ రాత్రి ఆయన హారిస్‌బర్గ్ వెళ్లాలి. రిట్ వేయడానికి టైం చాలదు, యజమాని పేరు, వాళ్ల పేర్లు కనుక్కురండి, న్యూయార్క్‌కు టెలిగ్రాం కొడదాం అని మొదట చెప్పారు.

అది తీసిపారేయాల్సిన సలహా ఏమీ కాదు. 1852లో న్యూయార్క్‌లో లెమ్మన్ అనే వర్జీనియా కుటుంబం తెచ్చిన ఎనిమిది మంది బానిసల్ని జడ్జి ఎలైజా పెయిన్ విడిపించారు. ఆ హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే రిట్) పిటిషన్ వేసిన లూయీ నెపోలియన్ అనే నల్లజాతి కార్యకర్తకు చదువు రాదు, సంతకం చోట గీత గీశారు. ఆ గీతకు విలువ ఇచ్చిన కోర్టు అక్కడ ఉంది. కానీ పట్టపగలు చేతికందే దూరంలో ఉన్న మనిషిని రేపటికి వాయిదా వేయడం ఎంత ప్రమాదమో విలియమ్సన్‌కు వెంటనే తట్టినట్టుంది. స్టిల్ హోటల్ చేరిన కాసేపటికే ఆయనా వచ్చేశారు.

రెండో డెక్కు

హోటల్ దగ్గరున్న మనిషి గుర్తులు చెప్పాడు. పొడుగ్గా, నల్లగా ఉన్న ఆడమనిషి, ఇద్దరు చిన్న పిల్లలు. అప్పటికే బోటెక్కేశారు. ఇద్దరూ పరుగున బోటెక్కి కింది డెక్కు వెతికారు, లేరు. పైన రెండో డెక్కు మీద ఉన్నారని ఎవరో చెప్పారు.

విలియమ్సన్ నేరుగా జేన్‌తోనే మాట కలిపారు. ప్రయాణమా? అవును. ఎవరితో? ఆమె తల తిప్పి వీలర్ వైపు చూపించింది. అప్పుడు వీలర్‌ను అడిగారు, వీళ్లు మీవాళ్లా అని. నా అధీనంలో ఉన్నారు అన్నాడు వీలర్.

తర్వాత విలియమ్సన్ ఆమెతో అన్న మాటల్ని స్టిల్ వారం పది రోజుల్లోనే పత్రికకు రాసి పంపారు. సారాంశం ఇది: యజమానే మిమ్మల్ని ఈ రాష్ట్రంలోకి తెచ్చాడు కాబట్టి ఇక్కడి చట్టం ప్రకారం మీకు స్వేచ్ఛ హక్కు. కావాలంటే ఇప్పుడే తీసుకోవచ్చు. నిదానంగా ఆలోచించండి, భయపడకండి, చట్టం మిమ్మల్ని కాపాడుతుంది. మీరు ఆయన దగ్గరే ఉండాలనుకుంటే మేం బలవంతంగా తీసుకెళ్లలేం. మీ హక్కు మీకు తెలియజేయడమే మా పని. ఈ అవకాశం పోతే మళ్లీ రాకపోవచ్చు.

బోటు గంట కొట్టేలోపు, నిలబడ్డచోట, ఆవేశంలో ఉన్న మనిషి చెప్పిన మాటలివి. ఒక్క వాక్యం కూడా తీసేయడానికి లేదు. హక్కు ఏమిటో ఉంది, అది ఎలా వచ్చిందో ఉంది, కాదనే స్వేచ్ఛ కూడా ఆమెకు ఉందన్న మాట ఉంది. రేపు కోర్టులో ‘ఎత్తుకుపోయారు’ అన్న ఆరోపణకు జవాబు అప్పుడే తయారైంది.

వీలర్ మధ్యమధ్యలో అడ్డం వచ్చాడు. ఆమెకు చట్టం తెలుసు, వెళ్లాలంటే వెళ్లొచ్చనీ తెలుసు, ఆమెకే ఇష్టం లేదు, వర్జీనియాలో పిల్లలున్నారు, వాళ్లను విడిచి ఉండలేదు అన్నాడు. ఆమె చేత కూడా ఆ మాటే అనిపించాలని చూశాడు. జేన్ అనలేదు. ‘నేను స్వతంత్రురాలిని కాను, కానీ నాకు స్వేచ్ఛ కావాలి. ఎప్పుడూ కావాలనే అనుకున్నాను. ఈయనే నన్ను పట్టి ఉంచాడు’ అంది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ అంది.

యజమాని ఎదురుగా నిలబడి ఉండగా ‘వెళ్తావా’ అని అడగడం మా పనిలో చేయకూడని పని. అయితే ఇక్కడ అడగాల్సింది చాటుగా ముందే అడిగేశారు. హోటల్లో ఆ పేరు తెలియని ఇద్దరితో ఆమె మాట్లాడినప్పుడు వీలర్ దగ్గర్లో లేడు. డెక్కు మీద జరిగింది అప్పటికే చెప్పిన మాటను నలుగురిలో ఖాయం చేయడం. మొదటి వాంగ్మూలం తీసుకున్నది హోటల్ పనివాళ్లు. విజిలెన్స్ కమిటీ అనే పేరు కింద మనం ఊహించుకునే పెద్దమనుషుల కంటే ముందు వరసలో ఉన్నది వాళ్లే.

ఆఖరి గంట మోగింది. జేన్ లేచింది. వీలర్ ఆమెను పట్టుకున్నాడు. రేవులో మూటలు మోసే నల్లజాతి కూలీలు ఐదుగురు అప్పటికే అక్కడ చేరారు. వాళ్లు వీలర్‌ను అడ్డుకున్నారు, పిల్లల్ని ఎత్తుకున్నారు. చిన్నవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వాళ్లు యజమాని సొత్తు, వదిలేయండి అని ప్రయాణికుల్లో ఒకడు కలగజేసుకున్నాడు. మెట్లు దిగి, రేవు దాటి, డాక్ స్ట్రీట్ దగ్గర బండి ఎక్కారు. జేన్‌తో పాటు బండెక్కింది స్టిల్. విలియమ్సన్ అక్కడే ఆగి వీలర్‌కు తన పేరు చెప్పి, చట్టపరంగా ఏదైనా ఉంటే జవాబుదారీ నాది అన్నారు. అటు నుంచి అటే హారిస్‌బర్గ్ వెళ్లిపోయారు.

జేన్‌ను ఎక్కడికి తీసుకెళ్లారో విలియమ్సన్‌కు తెలియదు. ఆయన అడగలేదు, స్టిల్ చెప్పలేదు. ఎవరి పనికి ఎంత అవసరమో అంతే తెలియడం ఈ రహస్య ఏర్పాటుకు ప్రాణం. మర్నాడే దాని విలువ తెలిసొచ్చింది.

రిట్ తిరగబడింది

వీలర్ నేరుగా ఫెడరల్ జడ్జి జాన్ కేన్ దగ్గరికి పోయాడు. పారిపోయిన బానిసల మీద చేసిన 1850 చట్టం కింద పిటిషన్ వేయడానికి వీల్లేదు, జేన్ పారిపోయి రాలేదు కదా. అందుకని హెబియస్ కార్పస్ అడిగాడు: నా మనుషులు ముగ్గుర్నీ విలియమ్సన్ బంధించాడు, కోర్టులో హాజరుపరచమనండి.

అక్రమంగా బంధించిన మనిషిని విడిపించడానికి పుట్టిన రిట్ అది. 1772లో లండన్‌లో జేమ్స్ సోమర్‌సెట్ అనే బానిసను విడిపించిందీ, మూడేళ్ల కిందట న్యూయార్క్‌లో ఎనిమిది మందిని విడిపించిందీ ఆ రిట్టే. ఇక్కడ దాన్ని యజమాని తన ఆస్తిని రాబట్టుకోవడానికి వాడాడు, జడ్జి వాడనిచ్చాడు. ఈ వృత్తిలో ఇన్నేళ్లు ఉండి కూడా ఈ భాగం చదివితే నాకు ఒళ్లు మండుతుంది.

జూలై 20న విలియమ్సన్ రిటర్న్ (రిట్‌కు జవాబు) దాఖలు చేశారు. ఆ ముగ్గురూ రిట్ జారీ అయిన నాటికి గానీ ఇప్పుడు గానీ నా కస్టడీలో, అధీనంలో, స్వాధీనంలో లేరు, నేను వాళ్లను నిర్బంధించలేదు. అక్షరాలా నిజం. జూలై 27న కేన్ అది దాటవేసే జవాబు అని తేల్చి, కోర్టు ధిక్కారం కింద బెయిల్ లేకుండా మోయమెన్సింగ్ జైలుకు పంపాడు. నార్త్ కరోలినా చట్టం కింద ఒక పౌరుడు సంపాదించుకున్న ఆస్తి, దారిలో పెన్సిల్వేనియా తగిలినంత మాత్రాన పోతుందనే చట్టం ఏదీ తనకు తెలియదని రాశాడు. 1847లో శాసనసభ చేసిన మార్పు సంగతి ఏమైంది అని అడిగేవాళ్లు లేకపోలేదు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. (ఇదే కేన్ కొడుకు థామస్, 1850 చట్టం అమలు చేయడం తన వల్ల కాదని కమిషనర్ పదవి వదులుకున్నవాడు. ఒకే ఇంట్లో రెండు మనస్సాక్షులు.)

విలియమ్సన్ రాష్ట్ర సుప్రీంకోర్టుకు వెళ్లారు. సెప్టెంబర్‌లో మెజారిటీ తోసిపుచ్చింది. ఫెడరల్ కోర్టు ధిక్కారం కింద వేసిన శిక్షలో మేం కలగజేసుకోలేం అన్నది జస్టిస్ బ్లాక్ తీర్పు. జస్టిస్ నాక్స్ ఒక్కరే విభేదించారు. కేన్‌కు ఈ విషయంలో అధికార పరిధే లేదన్న వాదన ఆయనది. నా దృష్టిలో చట్టం నాక్స్ వైపే ఉంది.

సాక్షి బోను

ఇంకోపక్క రాష్ట్ర కోర్టులో స్టిల్ మీద, ఐదుగురు కూలీల మీద క్రిమినల్ కేసు. దొమ్మీ, బలవంతపు అపహరణ, దౌర్జన్యం. ఆగస్టు చివర్లో జడ్జి విలియం కెల్లీ ముందు విచారణకు వచ్చింది. వీలర్ వచ్చి తన పనిమనిషిని బలవంతంగా లాక్కుపోయారని సాక్ష్యం చెప్పాడు.

జేన్ అప్పటికే న్యూయార్క్‌లో జూలై 31న అఫిడవిట్ ఇచ్చింది. అఫిడవిట్‌తో సరిపెట్టుకుని ఉంటే ఆమెకు ఏ ప్రమాదమూ లేదు. కానీ క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడని అఫిడవిట్ బరువు ఎంతో కోర్టుల్లో తిరిగే ఎవరికైనా తెలుసు. ఆమె ఫిలడెల్ఫియాకు తిరిగి వచ్చింది. ఫెడరల్ మార్షల్ మనుషులు ఆమెను పట్టుకోవాలని కాచుకుని ఉన్నారు. రాష్ట్రం తరఫున ప్రాసిక్యూషన్ నడుపుతున్న జిల్లా అటార్నీ విలియం మాన్, కోర్టులో సాక్షి భద్రత మా బాధ్యత అన్నారు. తాను శిక్ష వేయించాల్సిన ముద్దాయిల తరఫు సాక్షికి రక్షణ ఇచ్చిన ప్రాసిక్యూటర్. ఆ ఒక్క విషయానికే ఆయనకు దండం పెట్టాలి.

బానిసత్వ వ్యతిరేక మహిళా సంఘం నుంచి లుక్రీషియా మాట్, మరికొందరు ఆడవాళ్లు ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని కోర్టుకు తెచ్చారు. ముఖానికి మేలిముసుగు. పేరు పిలిచారు. ముసుగు తీసి బోనెక్కింది.

ఆమె చెప్పింది ఇది: నన్ను ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ లాగలేదు, ఎవరూ నడిపించుకుపోలేదు. నా అంతట నేనే వెళ్లాను. నాకెప్పుడూ స్వేచ్ఛ కావాలనే ఉంది, ఉత్తరాదికి వచ్చేటప్పుడు విడిపోవాలనే వచ్చాను. ఫిలడెల్ఫియాలో కుదురుతుందనుకోలేదు, న్యూయార్క్‌లో అనుకున్నాను. ఇప్పుడు నేనూ పిల్లలూ సుఖంగా ఉన్నాం. తిరిగి వెళ్లడం కంటే చావడం నయం.

బట్టల సంగతి చెప్పిందీ ఈ బోనులోనే. వకీలుగా చెబుతున్నా, ఆ వాంగ్మూలానికి గట్టితనం ఇచ్చింది ఆ బట్టలే. ‘ఇష్టపడే వెళ్లాను’ అనే మాట ఎవరైనా నేర్పించి చెప్పించవచ్చు. వాషింగ్టన్‌లో కుట్టి, వీలర్ దగ్గరున్న తన పెట్టెలోనే ఉండిపోయిన బట్టల జతను ఎవరూ నేర్పించలేరు. అబద్ధమైతే పెట్టె తెరిచి చూపించే అవకాశం వీలర్‌కే ఉంది.

సాక్ష్యం అయిపోగానే ఆమెను బండెక్కించారు. పక్కన మాట్, సంఘం కార్యదర్శి మిల్లర్ మెకిమ్, ఒక పోలీసు అధికారి. వెనక ఇంకో బండిలో మరికొందరు అధికారులు. మార్షల్ మనుషులు చేయి వేయలేకపోయారు.

వీలర్, అతని పరివారం పెన్సిల్వేనియా సరిహద్దు దాటిన క్షణానే జేన్, ఆమె కొడుకులు అతనంత స్వతంత్రులైపోయారని కెల్లీ జ్యూరీకి చెప్పారు. దొమ్మీ ఆరోపణ ఎవరి మీదా నిలవలేదు. స్టిల్ నిర్దోషిగా బయటపడ్డారు. జాన్ బాలర్డ్, విలియం కర్టిస్ అనే ఇద్దరు కూలీలకు మాత్రం వీలర్‌ను పట్టుకున్నందుకు దౌర్జన్యం కింద వారం జైలు, తలా 10 డాలర్ల జరిమానా పడ్డాయి.

ఇంత అయ్యాక అక్టోబర్‌లో జేన్ పేరున కేన్ కోర్టులో పిటిషన్ పడింది. నన్ను ఎవరూ నిర్బంధించలేదు, నేనే వెళ్లాను, విలియమ్సన్‌ను వదిలేయండి. నిర్బంధానికి గురైందని చెబుతున్న మనిషే వచ్చి లేదంటోంది. హెబియస్ కార్పస్‌లో ఇంతకంటే జవాబు ఏముంటుంది? ఈ కోర్టులో పిటిషన్ వేసే హోదా ఆమెకు లేదని కేన్ తోసిపుచ్చాడు. ఆమెను హాజరుపరచలేదని ఒకరిని జైల్లో పెట్టిన కోర్టు, తీరా ఆమె మాట వినాల్సి వచ్చేసరికి ఆమెను మనిషిగా లెక్కించలేదు. నవంబర్ 3న ‘ఆ రిట్‌ను పాటించడం నాకు సాధ్యం కాని పని’ అన్న అర్థంలో విలియమ్సన్ ఒక ప్రశ్నకు జవాబివ్వడం, దాన్ని ఒప్పుకుని కేన్ వదిలేయడం జరిగాయి. మొత్తం సుమారు వంద రోజులు లోపలున్నారు.

కూలీల లెక్క

ఆ రోజుల్లో పత్రికల నిండా విలియమ్సన్ పేరే. జైలుకు ఆయన్ను చూడటానికి పెద్ద పెద్దవాళ్లు వచ్చారు, బానిసత్వ వ్యతిరేక నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ కూడా వచ్చారు. ఆయన పడ్డ కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ ఈ కేసును వరసగా పేర్చి చూస్తే, జేన్ మాట విన్నది హోటల్ పనివాళ్లు, చీటీ మోసింది ఒక కుర్రాడు, ఏ డెక్కు మీద ఉన్నారో చెప్పింది ఎవరో, వీలర్ చేతుల నుంచి విడిపించింది రేవు కూలీలు. ఒక్క విలియమ్సన్ తప్ప ఆ సాయంత్రం పనిచేసిన వాళ్లంతా ఇంచుమించు నల్లజాతి శ్రామికులే. దినకూలీకి వారం జైలంటే వారం తిండి పోయినట్టే.

ఈ పేర్లయినా మనకు మిగిలాయంటే స్టిల్ రాత అలవాటు వల్ల. ఆ అలవాటుకు ఒక కారణం ఉంది. ఆయన తల్లి మేరీలాండ్ నుంచి తప్పించుకున్నప్పుడు ఇద్దరు ఆడపిల్లల్ని మాత్రమే వెంట తెచ్చుకోగలిగింది. కొడుకులు లెవిన్, పీటర్ వెనకే ఉండిపోయారు, దూరంగా అలబామా దాకా అమ్ముడుపోయారు. లెవిన్ అక్కడే చనిపోయాడు. 1850 ఆగస్టులో పీటర్ అనే నడివయసు మనిషి తన వాళ్లను వెతుక్కుంటూ ఫిలడెల్ఫియా ఆఫీసుకు వచ్చాడు. చిన్నప్పుడు విడిపోయిన తల్లిదండ్రుల పేర్లు చెప్పాడు. ఎదురుగా కూర్చుని రాసుకుంటున్న స్టిల్‌కు అవి తన తల్లిదండ్రుల పేర్లే అని అర్థమైంది. తాను పుట్టకముందే విడిపోయిన అన్న అతను. వచ్చినవాళ్ల వివరాలు పూసగుచ్చినట్టు రాసిపెట్టడం వెనక ఈ సంఘటన ఉందని స్టిలే చెప్పుకున్నారు. దొరికితే అందరి మెడకూ ఉరితాడయ్యే కాగితాలవి. కొంతకాలం వాటిని లెబనాన్ శ్మశానం భవనం అటక మీద దాచారు. బానిసత్వం రద్దయ్యాక 1872లో అచ్చువేశారు.

ఇటుక బట్టీ దగ్గర

ఈ కేసు నాకు ఏం పనికొచ్చిందో చెబుతాను. తెలంగాణలో ఇటుక బట్టీలకు ఒడిశా బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. సర్దార్ (కూలీల్ని కుదిర్చే దళారి) ముందే అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఆ అప్పు తీరేదాకా కదలడానికి లేదు. మన 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం 15వ సెక్షన్ ప్రకారం అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత అప్పు ఇచ్చినవాడిదే. 1850 నాటి అమెరికా చట్టంతో పోలిస్తే ఇది భూమ్యాకాశాల తేడా. కాగితం మీద.

తనిఖీ జట్టు బట్టీకి వెళ్తుంది. ఓనరు కుర్చీలు వేయిస్తాడు. అతను అక్కడే నిలబడి ఉండగా, అతని సూపర్‌వైజరే ఒడియా నుంచి తెలుగులోకి చెబుతుండగా, ‘ఏమ్మా, నీకు ఇక్కడ ఇష్టమేనా? ఎవరైనా బలవంతం చేస్తున్నారా?’ అని అడిగిన సందర్భాలు చూశాను. లేదండీ, ఇష్టమే అంటుంది ఆమె. అది రాసుకుని వచ్చేస్తారు. డెక్కు మీద వీలర్ జేన్ నోట పలికించాలని చూసింది ఈ మాటే. ఆమె చెప్పకుండా ఉండగలిగింది, ఎందుకంటే అంతకుముందే ఆమె మాట ఒకరు విని ఉన్నారు, మెట్ల దగ్గర ఐదుగురు నిలబడి ఉన్నారు, బండి సిద్ధంగా ఉంది.

అందుకని మా జట్టులో పద్ధతి ఇది. అధికారులు వెళ్లేలోపే సంతలోనో, నీళ్ల కుళాయి దగ్గరో, వాళ్ల భాష వచ్చిన మనిషి, వీలైతే అలాంటి బట్టీలోనే పనిచేసి బయటపడ్డ ఆడమనిషి, ఆమెతో మాట్లాడాలి. వెళ్లిపోవాలని ఆమె ఇప్పటికే ఏం చేసుకుందో అడగాలి. ఊరికి ఫోన్ చేసిందా, ఎక్కడైనా పది రూపాయలు దాచిందా, పిల్లాడి ఆధార్ కార్డు తన దగ్గరే ఉంచుకుందా. ఇలాంటి చిన్న విషయం ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని ఆమె మాటల్లోనే వాంగ్మూలంలో ఎక్కించాలి. తహసీల్దారు ముందు, ఆర్డీవో ముందు, రేపు కోర్టులో అడ్వాన్సు తీసుకుని ఎగ్గొట్టిందన్న ఎదురు కేసులో అదే నిలబడుతుంది. ఇక వెనక ఊళ్లో ఉండిపోయిన వాళ్ల పేర్లు. వెట్టి నుంచి విడుదలైనట్టు ఇచ్చే రిలీజ్ సర్టిఫికెట్ ఫారంలో ఆ గడి ఉండదు. మేం విడిగా రాస్తాం.

జేన్ తర్వాతి జీవితం బోస్టన్‌లో గడిచింది. అక్కడ పెళ్లి చేసుకుంది, 1872లో చనిపోయింది. ఇసాయా పెద్దవాడై అంతర్యుద్ధంలో నల్లజాతి సైనికుల 55వ మసాచుసెట్స్ రెజిమెంటులో పనిచేశాడు. రిచ్‌మండ్ వైపు ఆమెకు మరో కొడుకు ఉన్నాడు. వాణ్ని మళ్లీ చూస్తాననే ఆశ లేదని ఆమె చెప్పింది. వర్జీనియాలో పిల్లలున్నారు కాబట్టి ఆమె వెళ్లదని వీలర్ వాదించింది ఆ కొడుకును అడ్డం పెట్టుకునే.